ఆక్స్‌ఫర్డ్‌లో మనువు అడ్రస్ (గోడలు చదువుదాం – 11)



ఆక్స్‌ఫర్డ్‌లో సిసిల్ రోడ్స్ విగ్రహం ఎక్కడుందో ఇవాళ ప్రపంచానికంతా తెలుసు. అదే ఊళ్ళో మనువు ఎక్కడున్నాడో చెప్పేవాళ్ళు మాత్రం కనపడరు. రోడ్స్‌ని కిందికి దించాలని విద్యార్థులు రోడ్డెక్కారు. మంచి పని చేశారు. మనువుని మాత్రం ఆ ఊరు "భారతీయ విజ్ఞానం" అనే బీరువాలో ఇంకా భద్రంగానే దాచుకుంది. ఈ వారం ఆ బీరువా తలుపు తీద్దాం.

ఒక సెమినార్ పని మీద వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో ఒక గైడెడ్ వాకింగ్ టూర్‌లో నడిచాను. రెండు గంటల నడక. పదిహేను మందిమి. ముందు నడుస్తూ చెప్పేది అక్కడే పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి. ఇది రాజులు, గడియారాలు, సినిమా షూటింగులు చూపించే టూర్ కాదు. ఈ భవనానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఈ గేటు లోపలికి ఎవరిని రానివ్వలేదు అని అడిగే టూర్. అంటే మనం ఊళ్ళల్లో అడిగే ప్రశ్నలే. అందుకే ఇష్టంగా నడిచాను. ఆ ప్రశ్నలు ఒకచోట ఆగిపోయాయి కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ నడకలో బాగున్నవి చెప్తాను. మనం నేర్చుకోవలసిన పద్ధతి అందులో ఉంది.

ఆక్స్‌ఫర్డ్‌లో 1096 నాటికే పాఠాలు చెప్పేవాళ్ళట. ఇంగ్లిషు మాట్లాడే ప్రపంచంలో అంతకంటే పాత యూనివర్సిటీ లేదు. కానీ "పాతది" అన్న మాటకి రెండు అర్థాలు. ఎన్నేళ్ళ నుంచి చదువు చెప్తోంది అన్నది ఒకటి. ఎన్నేళ్ళ నుంచి గేటు మూసి ఉంచింది అన్నది రెండోది. ఆడవాళ్ళు 1870ల చివరి నుంచి అక్కడ చదువుకున్నా 1920 దాకా డిగ్రీ ఇవ్వలేదు. పరీక్ష రాయొచ్చు, పాసవ్వొచ్చు, పట్టా మాత్రం రాదు. ఇంగ్లండ్ చర్చికి చెందని క్రైస్తవులకి, యూదులకి అక్కడి పదవులు పూర్తిగా తెరుచుకోవడానికి 1871లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది.

కార్‌ఫాక్స్ అనే కూడలి దగ్గర 1355 ఫిబ్రవరి 10న ఒక సారాయి దుకాణంలో గొడవ మొదలైంది. వైను బాగాలేదని విద్యార్థులు దుకాణదారు మీదికి వెళ్ళారు. అది పెరిగి పెరిగి ఊరికీ యూనివర్సిటీకీ యుద్ధమైంది. 63 మంది యూనివర్సిటీ వాళ్ళు, ఊరివాళ్ళు సుమారు 30 మంది చనిపోయారని చెప్తారు. తీర్పు ఎలా వచ్చిందో ఊహించండి. ఊరి మేయరు, పెద్దలు ఏటా అదే రోజున చర్చికి వెళ్ళి, చనిపోయిన ఒక్కో యూనివర్సిటీ మనిషికి ఒక్కో పెన్నీ చెల్లించి తలవంచాలి. 1825 దాకా, అంటే 470 ఏళ్ళు అది నడిచింది. రాజు అండ ఉన్నవాడికి చదువు కూడా ఒక జమీందారీయే అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆల్ సోల్స్ కాలేజీ లైబ్రరీ ముందు గైడ్ ఎక్కువసేపు ఆపింది. క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అనే ఆయన 1710లో చనిపోతూ ఆ కాలేజీకి 10,000 పౌండ్లు, తన పుస్తకాలు రాసిచ్చాడు. ఆ డబ్బు బార్బడోస్‌లో, ఆంటిగ్వా దీవిలో బానిసలు చెరుకు తోటల్లో చేసిన చాకిరీ. మూడు వందల ఏళ్ళు ఆ లైబ్రరీ ఆయన పేరుతోనే ఉంది. 2020లో పేరు తీసేశారు. విగ్రహం లోపలే ఉంది.

ఇక హై స్ట్రీట్‌లో ఓరియల్ కాలేజీ గోడ మీద రోడ్స్. వజ్రాల గనుల యజమాని, కేప్ కాలనీ ప్రధాని, ఆఫ్రికన్ల భూములు లాక్కున్న మనిషి. కాలేజీకి లక్ష పౌండ్లు రాసిచ్చాడు. 1911 నాటి ఆ భవనం మీద ఎత్తుగా నిలబడ్డాడు. 2015లో కేప్‌టౌన్ విద్యార్థులు తమ క్యాంపస్‌లో రోడ్స్‌ని దించారు. ఆ గాలి ఇక్కడికీ వచ్చింది. 2020లో తీసేయాలన్నదే మా ఉద్దేశం అని కాలేజీ చెప్పింది. 2021 మేలో ఖర్చు, అనుమతుల చిక్కు అంటూ తీయలేదు. కింద ఒక వివరణ ఫలకం పెట్టి ఊరుకుంది. విగ్రహం ఎత్తులో, వివరణ అడుగున.

ఇక్కడ మన జైపూర్ గుర్తు రాకపోతే ఎలా? రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో 1989 నుంచి మనువు విగ్రహం నిలబడి ఉంది. తీసేయమని కోర్టే చెప్పింది, మళ్ళీ ఆ తీర్పు ఆగిపోయింది. 2018లో మహారాష్ట్ర నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆ విగ్రహం ఎక్కి నల్లరంగు పూశారు. వాళ్ళ మీద కేసు పెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ గురించి గొంతు చించుకునే మన దేశపు మేధావుల్లో ఎంతమంది ఆ ఇద్దరి గురించి ఒక్క వాక్యం రాశారు?

ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ముందుకి నడవండి.

బ్రాడ్ స్ట్రీట్ చివర మూలమీద ఒక భవనం ఉంది. నెత్తిమీద గాలి దిక్కు చూపే ఏనుగు బొమ్మ. దాన్ని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్ళు. మోనియర్ విలియమ్స్ అనే సంస్కృత ప్రొఫెసర్ మన దేశమంతా తిరిగి, మహారాజుల దగ్గర కూడా చందాలు వసూలు చేసి కట్టించాడు. 1883 మే 2న విక్టోరియా రాణి కొడుకు శంకుస్థాపన చేశాడు. గైడ్ ఇక్కడ ఆగి, ఇది సామ్రాజ్యానికి అధికారులను తయారుచేసే పనికి కట్టిన ఇల్లు అని చెప్పింది. నిజమే. తర్వాత మాలో ఇండియా వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. ఇద్దరం చెయ్యెత్తాం. రెండో ఆయన ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయన గొంతు సవరించుకుని "వీళ్ళు మనందర్నీ దోచుకున్నారు, మన జ్ఞానాన్ని కూడా" అన్నాడు. అందరూ బాధగా తలలూపారు. మరో ఐదు నిమిషాలకి నడుస్తూ నడుస్తూ నాతో, వాళ్ళ ముత్తాత ఐసీఎస్ ట్రైనింగు ఈ ఊళ్ళోనే అయిందని గర్వంగా చెప్పాడు.

మిత్రులారా, ఆయన మంచివాడే కావచ్చు. నా గొడవ ఆయనతో కాదు. ఆయన వాడిన "మనం" అనే మాటతో. ఆ "మనం"లో ఆయన ముత్తాతా, మా తాతా ఒకే వరసలో కూర్చున్నారు. ఊళ్ళో ఏనాడూ ఒకే వరసలో కూర్చోనివాళ్ళు బ్రాడ్ స్ట్రీట్‌లో మాత్రం కూర్చున్నారు, కనీసం ఆయన నోట్లో.

ఆ భవనపు శంకుస్థాపన శాసనం సంస్కృతంలో ఉంది. ప్రాచ్య శాస్త్రాల కోసం కట్టిన ఈ శాల "ఆర్యుల" ఉపయోగం కోసం అని దాని సారాంశం. ఇంగ్లిషు అనువాదంలో ఆ ఆర్యులెవరో విడమరిచి చెప్పారు: భారతీయులు, ఇంగ్లిషువాళ్ళు. మళ్ళీ చదవండి. రాణి కొడుకు, మోనియర్ విలియమ్స్, చందాలిచ్చిన మహారాజు, వాళ్ళ ఆస్థాన పండితుడు అంతా ఒకటే గోత్రం. ఈ శాల ఎవరికోసం కట్టలేదో శాసనమే చెప్పేసింది. దోచుకున్నవాడికీ దోపిడీకి గురైనవాడికీ మధ్య ఉండవలసిన ఆ మాట చుట్టరికంలా ఉందేమిటి? ఆ నడకలో ఈ ప్రశ్న రాలేదు. వలసపాలన అంటే తెల్లవాళ్ళు ఒకవైపు, నల్లవాళ్ళంతా మరోవైపు అనుకుంటే రాదు కూడా.

అసలు సంస్కృతానికి ఆక్స్‌ఫర్డ్‌లో కుర్చీ ఎలా వచ్చిందో తెలుసా? ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన జోసెఫ్ బోడెన్ తన ఆస్తి రాసిచ్చాడు. బైబిల్ జ్ఞానాన్ని భారతీయులకి అందించి వాళ్ళని క్రైస్తవంలోకి తేవడం ఆయన పెట్టిన లక్ష్యం. 1832లో కుర్చీ ఏర్పడింది. 1860లో ఆ కుర్చీకి ఎన్నిక జరిగితే మాక్స్‌ముల్లర్‌కి 610 ఓట్లు, మోనియర్ విలియమ్స్‌కి 833 ఓట్లు. ఓడినా మాక్స్‌ముల్లర్ ఆగలేదు. అంతకుముందే కంపెనీ డబ్బుతో మొదలుపెట్టిన ఋగ్వేదం అచ్చు పని పూర్తిచేశాడు. తర్వాత ప్రాచ్య పవిత్ర గ్రంథాలు అంటూ 50 సంపుటాల వరస తెచ్చాడు. అందులో 25వ సంపుటం 1886లో వచ్చింది. పేరు "లాస్ ఆఫ్ మను". అచ్చువేసింది ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్. ఊరి బయటే బతకాలి, పగిలిన పాత్రల్లోనే తినాలి, శవాల మీది బట్టలే కట్టుకోవాలి అని మనవాళ్ళకి రాసిపెట్టిన పుస్తకం ఆ ఊళ్ళో పవిత్ర గ్రంథంగా, మంచి కాగితం మీద, మంచి బైండింగుతో వచ్చింది.

అంతకంటే ముందే ఇంకొకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి టూర్ వెళ్ళలేదు. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న మన తమ్ముడొకడు "అక్కా, ఇది చూడకుండా నువ్వు వెళ్ళకూడదు" అని యూనివర్సిటీ కాలేజీ ప్రార్థనా మందిరానికి తీసుకెళ్ళాడు. అక్కడ విలియం జోన్స్ స్మారకం ఉంది. ఫ్లాక్స్‌మన్ చెక్కిన పాలరాతి బొమ్మ. జోన్స్ బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్నాడు. ఎదురుగా ముగ్గురు పండితులు నేలమీద కూర్చున్నారు. హిందువుల, మహమ్మదీయుల చట్టాల సంగ్రహాన్ని ఈయన తయారుచేశాడని కింద రాశారు.

జోన్స్ ఆ కాలేజీ ఫెలో. 1783లో కలకత్తాకి జడ్జిగా వచ్చాడు. మనుస్మృతిని ఇంగ్లిషులోకి అనువదించాడు. 1794లో అది కలకత్తాలో అచ్చయింది. ఆ ఏడాదే ఆయన చనిపోయాడు.

ఈ బొమ్మ గురించి చాలామంది పోస్ట్‌కొలోనియల్ పండితులు రాశారు. చూడండి, తెల్లవాడు కుర్చీలో, మనవాళ్ళు కాళ్ళ దగ్గర అని. నేను ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. నాకు ఆ ముగ్గురి మీద జాలి కలగలేదు. నేల మీద కూర్చున్నా, ఆ గదిలో చెప్తున్నది వాళ్ళు, రాసుకుంటున్నది జోన్స్. 1772లోనే వారన్ హేస్టింగ్స్ పెళ్ళి, వారసత్వం, కులం విషయాల్లో హిందువులకి శాస్త్రాల ప్రకారమే తీర్పు చెప్పాలని ఏర్పాటు చేశాడు. శాస్త్రం అంటే ఏదో చెప్పే పని పండితులకి అప్పగించాడు. కోర్టుల్లో జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. తెల్లదొరకి చట్టం కావాలి, పండితుడికి అధికారం కావాలి. ఇద్దరి అవసరం ఆ పాలరాతి మీద కలిసింది. ఒకడు కుర్చీలో, ఒకడు నేలమీద. ఒప్పందం మాత్రం ఇద్దరిదీ. ఆ చట్టం ఎవరి మెడకి చుట్టుకుందో వాళ్ళు ఆ బొమ్మలో లేరు. వాళ్ళకి నేలమీద కూడా చోటు లేదు.

"ఇంకొక నాలుగో మనిషిని చెక్కాలంటే ఎక్కడ చెక్కుతారక్కా?" అన్నాడు తమ్ముడు. మందిరం గుమ్మం బయట అన్నాను.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈమధ్య వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో, కొన్ని సెమినార్లలో కూడా ఒక వాదం తిరుగుతోంది. "కులాన్ని బ్రిటిష్‌వాళ్ళే సృష్టించారు" అని. జనాభా లెక్కల్లో రాయడం వల్లే కులం గట్టిపడిందని. బ్రిటిష్‌వాళ్ళు దాన్ని చట్టంలోకి ఎక్కించారు, లెక్కల్లోకి ఎక్కించారు. నిజం. సృష్టించారా? కంపెనీ పుట్టడానికి శతాబ్దాల ముందే పాల్కురికి సోమన బసవపురాణంలో కింది కులాల భక్తుల్ని ఎందుకు నెత్తికెత్తుకున్నాడు? పల్నాట బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని జనం ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటారు? అందరూ ఒకే చాప మీద కూర్చుని తినే అలవాటు ముందే ఉంటే చాపకూడు వార్త ఎలా అవుతుంది? నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. నా సాహిత్యమే నాకు సాక్ష్యం. ఈ వాదం చేసేవాళ్ళకి తెలుగు చదవమని చెప్పండి, చాలు.

అలాగని మనం బ్రిటిష్‌వాడికి దండలు వేయాలా? అదీ కాదు. మనలోనూ కొందరు అటు జారిపోతారు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేడ్కర్ వాళ్ళ ముఖం మీదే అడిగాడు. మీరు రాకముందు ఊరిబావిలో నీళ్ళు తోడుకునే హక్కు మాకు లేదు, మీరొచ్చి నూట యాభై ఏళ్ళయింది, ఇప్పుడైనా ఉందా అన్నది ఆయన ప్రశ్న సారం. మిషనరీ బడి మనకి అక్షరం ఇచ్చింది, దాన్ని మరిచిపోం. కానీ కంపెనీ కోర్టు మనువుకి కుర్చీ వేసింది, దాన్నీ మరిచిపోం. రెండూ ఒకే పాలనలో జరిగాయి.

ఈ రెండు వైపుల పోరు మన తెలుగులో వందేళ్ళ కిందటే ఉంది. 1920ల తొలినాళ్ళలో గరిమెళ్ళ "మాకొద్దీ తెల్లదొరతనము" ఊరూరా మోగింది. ఆయన జైలుకి వెళ్ళాడు. ఆ రోజుల్లోనే రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనము" అన్నాడు. గరిమెళ్ళ పాట పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ధర్మన్న కవి పాట కోసం నేను ఎమ్మేలో చేరేదాకా ఆగాల్సి వచ్చింది. ధర్మన్న తెల్లదొర ఉండాలనలేదు. తెల్లదొర దిగిన కుర్చీలో కూర్చునేది ఎవరు అని అడిగాడు. ఇవాళ "డీకాలనైజేషన్" అని పెద్దపెద్ద యూనివర్సిటీల్లో మాట్లాడుతున్నవాళ్ళకి మనం అడగవలసింది అదే ప్రశ్న. జ్ఞానాన్ని తెల్లవాడి చేతుల్లోంచి విడిపించి ఎవరి చేతికిస్తారు?

ఆ ప్రశ్నకి ఆక్స్‌ఫర్డ్‌లోనే ఒక తెలుగు జవాబు ఉంది. మళ్ళీ ఆల్ సోల్స్ కాలేజీ దగ్గరికి రండి. కాడ్రింగ్టన్ డబ్బుతో లైబ్రరీ కట్టిన ఆ కాలేజీలోనే తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫెలోగా ఉన్నారు. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్‌ఛాన్సలర్. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల, నీతిశాస్త్రాల స్పాల్డింగ్ ప్రొఫెసర్. 1952 దాకా ఆ కుర్చీ ఆయనదే. వలసదేశం నుంచి వచ్చిన మనిషి తెల్లవాళ్ళకే పాఠం చెప్పడం చిన్న విషయం కాదు. ఒప్పుకుంటాను.

కానీ ఏం పాఠం? 1926లో అదే ఊళ్ళో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి ఏడాది "ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్" పుస్తకమయ్యాయి. వేరువేరు జాతుల్ని, తెగల్ని నిర్మూలించకుండా ఒకే సమాజంలో సర్దుకోవడానికి హిందూమతం కనుక్కున్న మార్గంగా కులాన్ని అందులో వివరించారు. సర్దారు. ఎవరిని ఎక్కడ సర్దారో మా గూడేనికి తెలుసు. 1936 మేలో అంబేడ్కర్ "కుల నిర్మూలన"ని సొంత ఖర్చుతో అచ్చువేశాడు. ఆ ఉపన్యాసం చదవనివ్వం అని లాహోర్‌లో పిలిచినవాళ్ళే వెనక్కి తగ్గారు కాబట్టి. అందులో రాధాకృష్ణన్ పుస్తకాన్ని పేరుపెట్టి ప్రస్తావించాడు. ఇంతకాలం బతికి ఉన్నాం అన్నది గొప్ప కాదు, ఏ స్థాయిలో బతికి ఉన్నాం అన్నదే ప్రశ్న అన్నాడు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1936. ఒక తెలుగు పండితుడికి ఆక్స్‌ఫర్డ్ కుర్చీ వేసింది. అదే ఏడాది కొలంబియా, లండన్ డాక్టరేట్లున్న మనిషికి లాహోర్‌లో ఒక గంట వేదిక దొరకలేదు. ఏ తెల్లవాడూ ఆ వేదిక లాక్కోలేదు. ఏటా సెప్టెంబర్ 5న కాలేజీలో నేనూ పూలగుత్తి తీసుకుంటాను. పిల్లలు ప్రేమగా ఇస్తారు, వద్దనను. కానీ ఆ రోజు నా క్లాసులో ఈ రెండు 1936లూ బోర్డు మీద రాస్తాను. ఏ వాకింగ్ టూర్ అయినా ఆల్ సోల్స్ ముందు బార్బడోస్ గురించి చెప్పాక ఇంకో రెండు నిమిషాలు లాహోర్ గురించి కూడా చెప్పాలి. అప్పుడే ఆ నడక పూర్తయినట్టు.

ఇదంతా దూరపు ఊరి కబురు కదా, మనకేంటి అని కొందరికి అనిపించొచ్చు. మీలో విదేశీ చదువులకి అప్లికేషన్లు నింపుతున్నవాళ్ళున్నారు, ముఖ్యంగా మీ కోసం రాస్తున్నాను. ఎస్సీ విద్యార్థులు బయటి దేశాల్లో పైచదువులు చదవడానికి కేంద్రానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అనే పథకం ఉంది. దేశం మొత్తానికి ఏటా 125 సీట్లు, అందులో ఇంకొన్ని వర్గాలకీ వాటా. 2022లో దాని నిబంధనల్లో ఒక వాక్యం చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేసేవాళ్ళకి ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. ఆ విషయాలు ఇక్కడే చదువుకోవచ్చు కదా అన్నారు.

1916లో కొలంబియా యూనివర్సిటీలో అంబేడ్కర్ చదివిన పత్రం పేరు "కాస్ట్స్ ఇన్ ఇండియా". ఈ నిబంధన ఆనాడు ఉంటే, బరోడా మహారాజు కాకుండా ఈ మంత్రిత్వ శాఖ ఆయనకి స్కాలర్‌షిప్ ఇవ్వాల్సి వస్తే, ఆ టాపిక్ చూసి ఫైలు వెనక్కి పంపేవాళ్ళు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఆక్స్‌ఫర్డ్ లాంటి ఊళ్ళల్లో ఇండియా గురించి మాట్లాడే కుర్చీలున్నాయి. అక్కడ "మనం దోచుకోబడ్డాం" అని చెప్పడానికి ఢిల్లీ పెద్దమనిషి పిల్లలు సొంత డబ్బుతో వెళ్తారు. కులం గురించి చెప్పగలిగిన మన పిల్ల వెళ్ళాలంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ కావాలి. అది కావాలంటే కులం గురించి చదవకూడదు. అప్పుడు ఆ ఊళ్ళో ఆ గైడ్ అమ్మాయికి కులం గురించి చెప్పేది ఎవరు? ఆ అమ్మాయి తప్పు నాకేమీ కనపడలేదు. టూర్ అయ్యాక నేను జోన్స్ సంగతి, లాహోర్ సంగతి చెప్తే నోట్‌బుక్ తీసి రాసుకుంది. రాసుకునేవాళ్ళు ఉన్నారు. చెప్పేవాళ్ళు అక్కడిదాకా రాకుండా ఇక్కడే ఆపుతున్నారు.

కాబట్టి సైన్సు చదివేవాళ్ళు ఆ స్కాలర్‌షిప్‌తో వెళ్ళండి, హక్కు అది. సాహిత్యం, చరిత్ర, సోషియాలజీ వాళ్ళు మీ యూనియన్లలో, అసోసియేషన్లలో ఈ నిబంధన తీసేయాలన్న డిమాండు మొదటి వరసలో పెట్టండి. మెస్ చార్జీల డిమాండు పక్కనే ఇది కూడా.

ఇక రెండో పని. ఇది ఎవరి స్కాలర్‌షిప్ లేకుండానే చేయొచ్చు. మీ క్యాంపస్‌లో మీరే ఒక నడక పెట్టండి. కొత్తగా చేరిన జూనియర్లని పదిమందిని వెంటబెట్టుకోండి. ఐదు చోట్ల ఆగండి.

ఒకటి, శిలాఫలకం. భవనానికి ఎవరి పేరుంది, డబ్బు ఎక్కడిది, స్థలం ఎవరిది, అంతకుముందు అక్కడ ఎవరు బతికేవాళ్ళు? మా ఊరి బడికి స్థలమిచ్చిన దాత పేరు గుమ్మం పక్కన రాయి మీద ఉంది. ఆ బడికి రాళ్ళు మోసిన మా తాత పేరు ఎక్కడా లేదు. మీ క్యాంపస్‌లో రాళ్ళు మోసినవాళ్ళు ఏ వాడ నుంచి వచ్చారో కనుక్కోండి.

రెండు, లైబ్రరీ. దళిత సాహిత్యం ఏ అరలో పెట్టారు? కుసుమ ధర్మన్న ఉన్నాడా? జాషువ ఉంటే గబ్బిలం ఒక్కటేనా? అంబేడ్కర్ సంపుటాలు అన్నీ ఉన్నాయా, అట్టలు నలిగాయా కొత్తగానే ఉన్నాయా?

మూడు, టీచర్ల గదుల వరస. తలుపుల మీద పేర్లు చదవండి. ఇంటిపేర్లు కూడా చదవండి. ఏ పోస్టు ఎన్నేళ్ళ నుంచి ఖాళీగా ఉందో, ఆ రోస్టర్ పాయింట్ ఎవరిదో అడగండి.

నాలుగు, మెస్ వెనక వైపు. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల్లో విద్యార్థుల గదులు శుభ్రం చేసేవాళ్ళని "స్కౌట్లు" అంటారు. అందమైన పేరే. మన హాస్టళ్ళలో బాత్రూములు కడిగేవాళ్ళని ఏమని పిలుస్తున్నాం? వాళ్ళు ఏ కాంట్రాక్టరు కింద, ఎంత జీతానికి, ఏ కులాల నుంచి వస్తున్నారు? వాళ్ళ పిల్లల్లో ఒక్కరైనా ఈ గేటు లోపలికి విద్యార్థిగా వచ్చారా?

ఐదు, ఖాళీ చోటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలి వేయబడిన ఐదుగురు దళిత విద్యార్థులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంటు వేసుకుని, మన మహనీయుల బొమ్మలు పెట్టుకుని పడుకున్నారు. దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకడు రోహిత్ వేముల. జనవరి 17న మనకి లేకుండా పోయాడు. మన పల్లెల్లో ఊరి చివర ఉండే మాటని ఆ పిల్లలు యూనివర్సిటీ నడిబొడ్డున నిలబెట్టారు. ఏ టూరిస్టు మ్యాపులోనూ ఆ చోటు ఉండదు. మీ క్యాంపస్‌లో అలాంటి చోటు ఏదో మీ సీనియర్లని అడగండి. ప్రతి క్యాంపస్‌లో ఒకటి ఉంటుంది.

ఈ నడకకి గైడ్ లైసెన్సు అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. కావలసిందల్లా ప్రశ్న మధ్యలో ఆపకుండా చివరిదాకా అడగడం. రోడ్స్ దగ్గర ఆగిపోయినవాళ్ళు మనువు దగ్గరికి రారు. మనువు దగ్గరే ఆగిపోయినవాళ్ళు, ఆయన్ని అచ్చువేసిన ప్రెస్సు దగ్గరికి, జీతమిచ్చిన కంపెనీ దగ్గరికి వెళ్ళరు. మనం రెండు చోట్లకీ వెళ్ళాలి. అంబేడ్కర్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టాడు. మూడేళ్ళ తర్వాత లండన్ వెళ్ళి తెల్లదొరల్నీ నిలదీశాడు. ఒకటి చేశాం కదా, రెండోది అక్కర్లేదు అనుకోలేదు.

మీ నడక అయ్యాక ఏం చూశారో, ఎవరి పేరు దొరికిందో, ఎవరి పేరు దొరకలేదో రాసి పంపండి. ఫోటోల్లో పనివాళ్ళ ముఖాలు వాళ్ళని అడగకుండా పెట్టొద్దు. వచ్చిన వాటిలోంచి కొన్ని 12వ భాగంలో మీ మాటల్లోనే పెడతాను.

జై భీమ్! జై ఫూలే! జై సావిత్రిబాయి!